భూమేశ్ ఫోను, ఆశన్న నిద్ర

ఆశన్నతో ఏడేళ్లు ఒకే దుకాణంలో కూర్చున్నాను. ఏ స్క్రూ ఏ డబ్బాలో వేస్తాడో, టీలో ఎంత పంచదార కావాలో, కోపం వస్తే ఏ చెవి గోక్కుంటాడో అన్నీ నాకు తెలుసు. తెలియనిది ఒక్కటే, మనిషి తొమ్మిదేళ్లుగా ఇంటికి ఎందుకు వెళ్లలేదని. అడిగితే "టికెట్ దొర్కలే" అనేవాడు. తొమ్మిదేళ్లు టికెట్ దొరకని విమానం ఏదో నాకూ చూపించమంటే నవ్వి, మళ్లీ తల దించి పనిలో పడేవాడు.

మా దుకాణం రాస్ అల్ ఖైమాలో, క్వారీలకు లారీలు వెళ్లే రోడ్డు మీద ఉంటుంది. రోజుకు రెండుసార్లు తుడిచినా అద్దాల మీద తెల్లటి రాతిదుమ్ము పేరుకుంటుంది. ముందు కౌంటరు నాది. సిమ్ములు, రీఛార్జి కార్డులు, కవర్లు అమ్ముతాను. నా పేరు అప్పాజీ, మాది అమలాపురం దగ్గర. వెనక బల్ల ఆశన్నది. ఆయనది జగిత్యాల అవతల ఓ పల్లె. లారీ టైరు కింద నలిగిన ఫోను తెచ్చినా, సిమెంటు నీళ్లలో మునిగిన ఫోను తెచ్చినా కాదనడు. వేరే షాపులవాళ్లు ఒక్క నిమిషం చూసి "ఖలాస్" అనేస్తారు. ఆశన్న నోట ఆ మాట నేను ఏనాడూ వినలేదు. ఫోనును అరచేతిలో పెట్టుకుని "లే బిడ్డా, పొద్దెక్కింది, లే" అని బతిమాలుతూ పని చేసేవాడు. వినేవాళ్లకు నవ్వొచ్చేది గానీ, సగం ఫోన్లు నిజంగానే లేచేవి.

ఆయనకు గది లేదు. దుకాణం వెనక సామాన్లు పెట్టుకునే చోటే పడక. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా షట్టరు సగం దించి, బల్ల పక్కన అట్టపెట్టెలు పరుచుకుని అక్కడే కునుకు తీసేవాడు. నలుగురితో కలిసి గది అద్దె కట్టలేనంత పిసినారితనం ఏంటన్నా అని మొహం మీదే అనేశాను. దానికీ నవ్వే సమాధానం.

ఇంకో సంగతి కూడా నాకు ఒళ్లు మండించేది. మూడు నాలుగు నెలలకోసారి వాళ్ల ఊరి నుంచి బాలవ్వ అనే ముసలావిడ దుకాణం ఫోనుకు చేసేది. ఆ నంబరు కనపడగానే ఆశన్న లేచి బయటికి వెళ్లిపోయేవాడు. ఎత్తడం నా వంతు. 

"ఆశన్న లేడా బిడ్డా? మా లింబన్న ఏడనన్న కండ్లవడ్డడేమో అడుగుదమని. కల్లివెల్లి అయి ఏండ్లాయె. నేనేమనను, ఇంటికైతె రమ్మను."

"లేడు మామ్మగారూ, వస్తే చెబుతానండీ" అనేవాణ్ని. కొడుకు కోసం అంత దూరం నుంచి ఒక్క మాట అడగబోతే, ఎత్తడానికి ఈయనకేం నొప్పి అని లోపల తిట్టుకునేవాణ్ని.

కల్లివెల్లి అంటే చెప్పాలి. ఇక్కడి అరబ్బులు చెయ్యి విదిలిస్తూ "పోనీలే, వదిలెయ్" అన్న అర్థంలో అనే మాట అది. మనవాళ్లు దాన్ని మనిషికి పెట్టేశారు. కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చిన యజమానికి, చెప్పకుండా పారిపోయినవాడు కల్లివెల్లి. ఆ పేరు ఒకసారి పడిందంటే వాణ్ని ఎవరూ వెతకరు. ఎక్కడైనా కనబడితే పట్టుకుంటారు, అంతే.

రెండువేల ఇరవై ఒకటి జూన్ చివర్లో, మధ్యాహ్నం మేం షట్టరు దించబోయే వేళకు ఇమామ్ హుస్సేన్ అనే అతను క్వారీ క్యాంపు నుంచి వచ్చాడు. కరీంనగర్ వైపు మనిషి. పాలిథిన్ సంచీలోంచి ఒక పాత ఫోను తీసి కౌంటరు మీద పెట్టి, "ఆశన్న అంటె ఎవలు భాయ్?" అని అడిగాడు. వెనక నుంచి ఆశన్న చెయ్యెత్తాడు.

ఫోను అతనిది కాదు. అతని గదిలో ఉండే భూమేశ్‌ది. భూమేశ్ ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దున డ్యూటీకి వెళ్లాడు, సాయంత్రం తలలు లెక్కపెట్టేటప్పుడు లేడు. నాలుగు రోజులు చూసి కంపెనీ కల్లివెల్లి అని రాసి పంపేసింది. ఫోను మాత్రం అతని దిండు కింద దొరికింది.

"ఒక్క నిమిషం, చెల్లె మాట్లాడుతదట" అని ఇమామ్ హుస్సేన్ తన ఫోను ఆశన్నకు అందించాడు. అవతల భూమేశ్ భార్య మాలతి. స్పీకరులో ఆమె గొంతు పెద్దగానే వినిపించింది.

"అన్నా, కల్లివెల్లి అయ్యేటోడు ఫోను ఇడిసిపెట్టి పోతడా? నేను ఎవలికి చెప్పినా నవ్వుతున్నరు. ఆయన పారిపోలేదని ఒక్క సాక్షం ఉంటె పోలీసోళ్లు ఎతుకుతరట. లేకుంటె ఎతకరట. ఆ ఫోన్ల ఉన్నది అన్నా, నాకెర్కే. జర తీసియ్యిండ్రి."

ఫోనులో ఏముందో ఇమామ్ హుస్సేన్ చెప్పాడు. వచ్చిన కొత్తలో భూమేశ్ బాగానే నిద్రపోయేవాడు. ఫిబ్రవరిలో వేరే గదికి మార్చాక నిద్రలో మాట్లాడటం మొదలుపెట్టాడు. గదిలోవాళ్లు ఏడిపిస్తుంటే, అసలు ఏం మాట్లాడుతున్నానో తెలుసుకుందామని ఒక యాప్ వేసుకున్నాడు. గొంతు వినపడగానే దానంతటదే రికార్డు చేసుకునే రకం. వినడం మొదటి వారం ఉచితం, ఆ తర్వాత రికార్డు చేస్తూనే ఉంటుంది గానీ డబ్బు కడితేనే వినిపిస్తుంది. ఆ వారం అతను తన మాటలు తాను విన్నాడు.

"ఇన్నంక రెండు దినాలు బువ్వ తిన్లే భాయ్. ఏమున్నదిరా అంటె చెప్పలే. అప్పటిసంది క్యాంపుల కనబడ్డోన్నల్లా ఒకటే అడుగుడు, ఆశన్న ఎవలు, ఆశన్న ఎవలు అని. ఫోన్లు బాగుచేసే ఆశన్న ఉన్నడని నాకు మొన్ననే తెలిసింది. మీకు ఎర్కేనా భూమేశ్?"

"ఎర్క లేదు" అన్నాడు ఆశన్న. ఫోను తిప్పి చూస్తూ, "ఏ రూం?" అని అడిగాడు.

"పదకొండు."

"ఏ మంచం?"

"గోడపక్కది. పైది."

ఫోను బాగుచేసేవాడికి మంచం సంగతి ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆశన్న చెవి గోక్కోవడం మాత్రం చూశాను.

"నాతోని ఒక్కసారి అన్నడన్నా" అంది మాలతి ఫోనులోంచి. "నా నోట్లకెళ్లి వేరేటోళ్ల మాట వస్తున్నదే అన్నడు. నేనే నవ్విన."

లాక్ గీత ఆమే చెప్పింది. మాలతిలోని ఎమ్ అక్షరం. ఫోను తెరుచుకుంది. యాప్‌లో నలభై ఒక్క రికార్డింగులు, ఒక్కొక్కదాని పక్కన తేదీ, నిడివి. ఏది నొక్కినా ఉచిత గడువు ముగిసిందని చెబుతుంది. కొందామంటే కొనే పేజీయే తెరుచుకోదు. యాప్ చేసినవాళ్లు ఎప్పుడో దుకాణం కట్టేసినట్టున్నారు. నేను రసీదు మీద భూమేశ్ ఫోను, రికార్డింగులు నలభై ఒకటి అని రాసి ఇమామ్ హుస్సేన్‌కు ఇచ్చాను.

"రూట్ చెయ్యాలె" అన్నాడు ఆశన్న.

"ఏ రూటన్నా? కాకినాడదా, రావులపాలెందా?" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

ఆశన్న నాకు తర్వాత వివరంగా చెప్పాడు. ప్రతి ఫోనులోనూ యజమానికి కూడా తెరుచుకోని అర ఒకటి ఉంటుంది. యాప్‌లు తమ సరుకు అందులో దాచుకుంటాయి. రూట్ చేయడమంటే ఆ అర తాళం సంపాదించడం. అందరూ చేసే పద్ధతిలో పోతే ఫోను తాళం ఇస్తుంది గానీ, ఇచ్చే ముందు లోపలున్నదంతా తుడిచేస్తుంది. క్యాంపు దగ్గర ఒక కుర్ర మెకానిక్ ఐదు నిమిషాల్లో రూట్ చేసిస్తానన్నాడట. చేసి ఉంటే భూమేశ్ మాటలన్నీ ఆ ఐదు నిమిషాల్లోనే పోయేవి. అదృష్టం బాగుండి, ఈ ఫోను పాతది, రెండేళ్లుగా అప్‌డేట్ ఎరగదు. దాని సాఫ్ట్‌వేరులో ఒక పాత కన్నం ఇంకా పూడలేదు. అందులోంచి చిన్న ప్రోగ్రాము పంపితే ఏదీ తుడవకుండానే తాళం చేతికొస్తుంది. ఫోను ఆరిపోయేదాకే ఆ తాళం పనిచేస్తుంది, ఈలోగా ఫైళ్లు కాపీ చేసుకోవాలి.

మొదటి రోజు కంప్యూటరుకు ఫోను కనపడనే లేదు. వైరు మార్చాడు, కనపడలేదు. ఇంకో వైరు మార్చాక, అంతకుముందువి ఛార్జింగుకే తప్ప దేనికీ పనికిరాని వైర్లని తేలింది. ఏళ్ల తరబడి వైర్లతో బతికే మనిషి రెండుసార్లు అదే తప్పు చేయడం వింతగా అనిపించింది. రెండో రోజు ఫోను అనుమతి అడుగుతున్నా తెర చూసుకోకుండా గంటసేపు కంప్యూటరు మీద విసుక్కున్నాడు. మూడో రోజు పెద్ద రకం ప్రోగ్రాము పంపాడు. ఫోను చిప్ పెద్దదే గానీ దాని మీద నడిచే సాఫ్ట్‌వేరు చిన్న రకం. అది చూసుకోవడం ఈ పనిలో మొదటి మెట్టని, రెండేళ్ల కింద నాకు నేర్పింది ఆయనే.

"ఏంటన్నా ఇది, పిల్లకాయ తప్పులు?" అన్నాను.

"కండ్లు మసకవడుతున్నయ్ అప్పాజీ" అన్నాడు.

సరైన ప్రోగ్రాము పంపాక అసలు తిప్పలు మొదలయ్యాయి. కంప్యూటరు తెర మీద ఒకటో మెట్టు, రెండో మెట్టు అని వరసగా వచ్చేది. మూడో మెట్టు దగ్గర ఆగిపోయి, ఫోను దానంతటదే ఆరిపోయి మళ్లీ వెలిగేది. పదిసార్లు చేస్తే పదిసార్లూ అంతే. ఇలాంటి ప్రోగ్రాములు మొండివి, కొన్నిసార్లు విసుగెత్తకుండా పంపాలి అనేవాడు ఆశన్న.

నాలుగో రోజు సాయంత్రం ఒకసారి ఫోను నా చేతికొచ్చింది. ఊరికే యాప్ తెరిచాను. నలభై ఐదు రికార్డింగులు ఉన్నాయి.

రసీదు నకలు తీసి చూసుకున్నాను. నలభై ఒకటనే ఉంది, నా చేతిరాతే. కొత్తగా వచ్చిన నాలుగూ మా దుకాణంలో ఫోను ఉన్న రోజులవి, ఒక్కొక్కటీ ఒంటిగంటకీ నాలుగింటికీ మధ్య తయారైనవి. ఆ వేళలో షట్టరు దించి ఉంటుంది. కొత్తవాటిలో మొదటిదాని నిడివి రెండు నిమిషాల పదిహేడు సెకన్లు. నిడివి గుర్తుండిపోవడానికి కారణం ఉంది, భూమేశ్ చేసిన మొట్టమొదటి రికార్డింగూ సరిగ్గా అంతే. ఆశన్నకు చూపిస్తే, "పాత ఫోను, పిచ్చిలెక్కలు సూపెడ్తది" అని నా చేతిలోంచి లాక్కున్నాడు.

ఇంతలో నేనో ఘనకార్యం చేశాను. మాలతి తన భర్త చివరి ఫొటోలు ఉంటే పంపమని ఏడిస్తే, మనసు కరిగి ఆ ఫోనుకు వైఫై కలిపాను. ఫొటోలు వెళ్లాయి. వాటి వెనకే రెండేళ్ల నుంచి కాచుకుని ఉన్న అప్‌డేట్ దిగిపోయి కూర్చుంది. ఆ మరుక్షణం నుంచి ఫోను వెలిగిన ప్రతిసారీ, ఇప్పుడు వేయనా తర్వాత వేయనా అని అడగసాగింది. మూడుసార్లు తర్వాత అనొచ్చట, నాలుగోసారి మనల్ని అడగదు. అప్‌డేట్ పడితే కన్నం పూడిపోతుంది, మాలతికి సాక్ష్యం ఇక లేదు. ఫెయిలైన ప్రతిసారీ ఫోను ఆరి వెలుగుతుంది కాబట్టి ఇక ఆటకు మూడే ఎత్తులు. నా చెయ్యి నేనే నరుక్కోవాలనిపించింది.

ఆ తర్వాతి రెండు రోజుల్లో రెండు ఎత్తులు వృథా అయ్యాయి. రెండూ మూడో మెట్టు దగ్గరే.

మర్నాడు మధ్యాహ్నం గదికి వెళ్లాక జేబులో తాళంచెవి లేదని చూసుకుని వెనక్కి వచ్చాను. రోడ్డు మీద ఒక్క మనిషి లేడు. లారీలు కూడా ఆగిపోయి ఉన్నాయి, కొండలు దుమ్ములో కనపడటం లేదు. షట్టరు కింద నుంచి దూరబోతూ, లోపల మాటలు వినపడి ఆగిపోయాను.

ఆశన్న మాట్లాడుతున్నాడు. ఫోనులో మాట్లాడుతున్నాడేమో అనుకుని వంగి చూశాను. అట్టపెట్టెల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు, కళ్లు మూసే ఉన్నాయి.

"ఇనవడ్తున్నది" అన్నాడు. తర్వాత ఆగాడు. ఎవరో చెబుతుంటే వింటున్నట్టు నుదురు ముడిపడింది. "ఎర్కే... నాకెర్కే" అన్నాడు. మళ్లీ ఆగాడు. ఆ ఆగడంలో, ఊపిరి పీల్చుకునే చప్పుడు రెండుచోట్ల నుంచి వస్తున్నట్టు నాకు అనిపించింది. ఒకటి ఆయనది. రెండోది బల్ల మీద నుంచి. బల్ల మీద భూమేశ్ ఫోను తెర వెలిగి ఉంది, దాని మూల ఎర్రచుక్క మెరుస్తోంది.

తాళంచెవి సంగతి మరిచిపోయి, పక్కనున్న కెఫెటేరియాలో నాలుగింటి దాకా కూర్చున్నాను. ఒక సులేమానీ టీ తాగాక బుర్ర పనిచేసింది. ఇందులో దయ్యమేముంది? గొంతు వింటే రికార్డు చేసే యాప్ అది. ఈయన నిద్రలో మాట్లాడతాడు, అది రికార్డు చేస్తోంది. అందుకే లెక్క పెరుగుతోంది. యాప్ ఎప్పుడూ వెనక మేలుకుని ఉంటోంది కాబట్టే ఆ ప్రోగ్రాముకు మూడో మెట్టు దగ్గర చోటు దొరకడం లేదు. యాప్‌ను బలవంతంగా ఆపేస్తే పనైపోతుంది! నా తెలివికి నేనే మురిసిపోతూ దుకాణానికి పరుగెత్తాను.

చెప్పింది విని ఆశన్న ఆశ్చర్యపోలేదు. నెమ్మదిగా, "ఎర్కే" అన్నాడు.

"ఏంటి ఎరికే? యాప్ ఆపాలని తెలుసా నీకు?"

"మూడో మెట్టు కాడ మొదటిపారి ఆగినప్పుడే ఎర్కైంది."

నాకు కోపం ఆగలేదు. చేతిలో ఉన్న కవర్ల కట్ట నేలకేసి కొట్టాను. "తెలిసి ఆ మూడు ఎత్తుల్లో రెండు పోగొట్టావా? అవతల ఆ పిల్ల రోజూ అన్నా అన్నా అని ఏడుస్తుంటే? మనిషివేనా నువ్వు?"

ఆయన తిట్లన్నీ విన్నాడు. చివరికి, "రేపు చేస్త. ఇమామ్ భాయ్‌ని రమ్మను. చెల్లెను లైన్ల ఉండుమను" అన్నాడు.

మర్నాడు పన్నెండున్నరకు, క్వారీలో ఎండ విరామం మొదలవగానే ఇమామ్ హుస్సేన్ వచ్చాడు. అతని ఫోను స్పీకరులో మాలతి ఉంది. ఆశన్న యాప్‌ను ఆపేశాడు. భూమేశ్ ఫోనును అరచేతిలో పెట్టుకున్నాడు. ఈసారి లే బిడ్డా అనలేదు. ప్రోగ్రాము పంపాడు. ఒకటి. రెండు. మూడు దాటింది. తెర మీద వరస చివర ఉండే డాలరు గుర్తు పోయి గడులు గీసినట్టుండే గుర్తు వచ్చింది. తాళం చేతికొచ్చిందనడానికి అదే గుర్తు. రెండు నిమిషాల్లో ఫైళ్లన్నీ కంప్యూటరులోకి వచ్చేశాయి.

మొదటిది నేనే నొక్కాను. కాసేపు ఫ్యాను చప్పుడు, ఎవరిదో గురక. తర్వాత ఒక గొంతు.

"ఆశన్నా."

"భూమేశ్ గొంతే" అన్నాడు ఇమామ్ హుస్సేన్. ఫోనులో మాలతి ఏడుపు మొదలైంది.

"ఆశన్నా, ఇనవడ్తున్నదా?" చాలాసేపు ఏమీ లేదు. "నేను కల్లివెల్లి గాలే. నీకెర్కే గదా." మళ్లీ ఖాళీ. "పాత గుంత కాడ ఉన్న. రాళ్ల కింద. ఎందుకు సంతకం వెట్టినవ్?"

తేదీ చూశాను. మార్చి. భూమేశ్‌కు అప్పటికి ఆశన్న ఎవరో తెలియదు, మా దుకాణం ఎక్కడుందో కూడా తెలియదు.

ఆశన్న బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. నాకు అనుమానం తగిలింది. మా దుకాణంలో తయారైన మొదటి రికార్డింగును నా ఫోనులోకి ఎక్కించుకున్నాను. రెండూ రెండు నిమిషాల పదిహేడు సెకన్లవి. కంప్యూటరులో ఒకటి, నా ఫోనులో ఒకటి, రెండూ ఒక్కసారే నొక్కాను.

"ఆశన్నా, ఇనవడ్తున్నదా?"

"ఇనవడ్తున్నది."

"నేను కల్లివెల్లి గాలే. నీకెర్కే గదా."

"ఎర్కే... నాకెర్కే. నువ్వు ఏడికి పోలే."

"ఎందుకు సంతకం వెట్టినవ్?"

"రిలీజ్ ఇస్తమన్నరు, లింబన్నా. రిలీజ్ ఇస్తమన్నరు."

ఒకరి ఖాళీల్లో ఒకరి మాటలు పట్టుకుని కూర్చున్నాయి. మార్చిలో క్యాంపులో నిద్రపోయిన మనిషి అడిగినదానికి, జూన్‌లో ఇక్కడ నిద్రపోయిన మనిషి జవాబు చెప్పాడు. ఇమామ్ హుస్సేన్ కుర్చీలోంచి లేచి షట్టరు దగ్గరికి వెళ్లిపోయాడు. నేను రెండూ ఆపేశాను.

ఆశన్న నేల మీద కూర్చుని చెప్పాడు. లింబన్న, ఆయన ఒకే ఊరివాళ్లు, ఒకే వీసా మీద ఈ క్వారీకే వచ్చారు. పదకొండో నంబరు గది, గోడపక్క మంచం, కింద ఆశన్న, పైన లింబన్న. రెండువేల పన్నెండులో పాత గుంత అంచు విరిగి లింబన్న దాంతోపాటే లోపలికి వెళ్లిపోవడం ఆశన్న కళ్లారా చూశాడు. తవ్విస్తే పని ఆగిపోతుంది. అప్పటి ముదీర్, అంటే మేనేజరు, ఆశన్నను ఆఫీసుకు పిలిచి అరబ్బీ కాగితం ఒకటి ముందు పెట్టాడు. లింబన్న పొద్దున్నే సంచీ పట్టుకుని పోవడం చూశానని అందులో ఉంది. సంతకం పెడితే వేరే కంపెనీకి మారడానికి రిలీజ్ కాగితం ఇస్తానన్నాడు.

"గా రిలీజ్ కాయితమే ఈ బల్ల, ఈ పని, అన్నీ" అన్నాడు ఆశన్న. "ఊరికి ఏ మొఖం వెట్టుకొని పోవాలె? బాలవ్వ పెద్దమ్మ ఎదురుంగ కూసుంటది. నిద్రల ఏం వాగుతనో అని మందిల పండబుద్ది కాలే. గీ ఫోను దుకాన్లకు వచ్చి, ఇమామ్ భాయ్ మంచం పేరు చెప్పంగనే నాకు సమజైంది. తెరిస్తె ఏమొస్తదో నాకెర్కే. గందుకే తెరవలే."

మాలతికి ఇదంతా స్పీకరులో వినపడుతూనే ఉంది. ఆమె తిడుతుందనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను కూడా. ఆమె కాసేపు ముక్కు చీదుకుని అడిగింది.

"మా ఆయన ఆ మాటలిని ఆ గుంత కాడికే సూడవోయినట్టున్నడు గదా అన్నా?"

"గట్లనే ఉన్నది, చెల్లె."

"ఆ జాగ మీకు ఎర్కేనా?"

"ఎర్కే."

"అయితె పోండ్రి అన్నా. జల్ది పోండ్రి."

అన్నం కూడా తినకుండా ఆశన్న కంప్యూటరు, ఫోను సంచీలో పెట్టుకుని ఇమామ్ హుస్సేన్‌తో పోలీసుల దగ్గరికి వెళ్లాడు. భూమేశ్ మాటలు వినిపించాడు. తొమ్మిదేళ్ల కింద తాను పెట్టింది దొంగ సంతకమని తన నోటితో తానే చెప్పాడు. వాళ్లు ఆయన పాస్‌పోర్టు తీసుకుని, మళ్లీ పిలిచేదాకా ఊరు దాటొద్దన్నారు. ఆదివారం పొద్దున క్వారీకి తీసుకెళ్లి చోటు చూపించమన్నారు, చూపించాక పంపేశారు. దుమ్ము కొట్టుకుని దుకాణానికి వచ్చి, మొహం కూడా కడుక్కోకుండా అట్టపెట్టెల మీద పడి నిద్రపోయాడు. నేను షట్టరు దించి గదికి వెళ్లాను.

సాయంత్రం ఐదింటికి ఇమామ్ హుస్సేన్ ఫోన్ చేశాడు. పాత గుంతలో ఒంటిగంట దాటాక భూమేశ్ దొరికాడు. అతనికి రెండు బారల కింద ఇంకో మనిషి ఉన్నాడు. మాలతి ఆ కబురు విని, "పారిపోలేదు గదా" అని ఒక్క మాట అని పడిపోయిందట.

మంగళవారం మధ్యాహ్నం దుకాణం ఫోను మోగింది. జగిత్యాల వైపు నంబరు. అలవాటు చొప్పున నేను చెయ్యి చాపాను. ఆశన్న నా చెయ్యి పక్కకు తీసి, తొమ్మిదేళ్లలో మొదటిసారి తానే ఎత్తాడు. స్పీకరు నొక్కాడు.

"పెద్దమ్మా, నేను ఆశన్నను. నీకొక మాట చెప్పాలె. లింబన్న కల్లివెల్లి గాలే. ఏడికి పోలే. దొరికిండు పెద్దమ్మా..." అని ఏడ్చేశాడు.

ముసలావిడ ఏడవలేదు. "ఎర్కే బిడ్డా" అంది. "ఆయితారం పగటీలి ఫోన్ చేసి చెప్పిండు గదా. గీ నంబరు నుంచే. దొరికిన, ఇగ ఎవలను అడుగకు అన్నడు. వాన్ని ఎన్నడు తెస్తరో అడుగుదమనే ఇప్పుడు చేసిన."

ఆశన్న నా వైపు చూశాడు. నేను దుకాణం ఫోను ఆయన చేతిలోంచి తీసుకుని కాల్ లిస్టు తెరిచాను. ఆదివారం, ఒంటిగంటా పది నిమిషాలకు బాలవ్వ నంబరుకు ఇక్కడి నుంచే ఫోను వెళ్లింది. మాట్లాడింది రెండు నిమిషాల పదిహేడు సెకన్లు. ఆ వేళకు షట్టరు లోపల ఆశన్న తప్ప ఎవరూ లేరు. గుంతలో మనిషి దొరికాడన్న కబురు మాకు ఇంకా రాలేదు.

"పెద్దమ్మా, అది నేనే కావచ్చు" అన్నాడు ఆశన్న. "నిద్రల చేసిన్నో ఏమో."

"గొంతు నీదే బిడ్డా, పోల్చిన" అంది బాలవ్వ. "గని నువ్వు నన్ను పెద్దమ్మా అంటవు. వాడు అవ్వా అన్నడు. నన్ను అవ్వా అనేటోడు నా కొడుకొక్కడే గదా."